వద్దన్న ఫోటోలు

కొండాపూర్‌లో ఉమాశ్రీ స్టూడియో ఒక బేకరీ పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. పసిపిల్లల ఫోటోలు తీయడం ఆమె పని. దానికి ముందు తొమ్మిదేళ్ళు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేసింది. బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ పాత సిస్టమ్ వదిలి కొత్తదానికి మారుతున్నప్పుడు, అక్కడ ఉన్నదంతా ఇక్కడికి చేరిందా లేదా అని చూడటం ఆమె వంతు. చేరకుండా జారిపోయినదాన్ని పట్టుకోవడంలో ఆమెకు పేరుండేది. ఆ ఉమాశ్రీయే తన సొంత ఫోటోల దగ్గర పొరపాటు పడింది.

జూన్‌లో ఆమె పాత కంప్యూటర్ ఆగిపోయింది. ఫోటోలన్నీ విడి డిస్కుల్లో ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. కొత్త కంప్యూటర్ మీద పాత ప్రోగ్రామ్ మాత్రం ఎక్కనంది. ఏడేళ్ళుగా ఫోటోలు సరిదిద్దుకున్నదీ, ఏ కుటుంబానివి ఆ కుటుంబం పేరు కింద సర్దుకున్నదీ అందులోనే. దాన్ని తయారుచేసినవాళ్ళు ఇప్పుడు ఫోటోలన్నీ తమ దగ్గరే దాచే రకం మాత్రమే ఇస్తున్నారు. ఊరివాళ్ళ పిల్లల ఫోటోలు తీసుకెళ్ళి ఎవరి కంప్యూటర్లోనో పెట్టడానికి ఉమాశ్రీకి మనసొప్పలేదు. పాత ఆఫీసు స్నేహితుడు అవినాష్‌ని అడిగితే అతను ఇంకో ప్రోగ్రామ్ పేరు చెప్పాడు.

"అంతా మన డిస్కులోనే ఉంటుంది. పాత క్యాటలాగ్‌ని అదే చదువుకుంటుంది. నువ్వు కూర్చుని టీ తాగడమే," అన్నాడు.

కొత్త ప్రోగ్రామ్‌కి ఆ పాత అమరికంతా చదువుకోవడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు తెరిచి చూస్తే పసికందులందరికీ కామెర్లు వచ్చినట్టుంది. ఆమె ఒక్కో ఫోటో మీద కూర్చుని దిద్దిన చర్మపు రంగులను కొత్త ప్రోగ్రామ్ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఉమాశ్రీ పది రోజులు తిండీ నిద్రా సరిగ్గా లేకుండా ఆ పసుపు వదిలించడంలోనే పడింది. మధ్యలో మిగతావి కూడా చూడకపోలేదు. లెక్క సరిపోయింది, లక్షా పదకొండు వేల చిల్లర ఫోటోలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. బాగున్నవాటికి ఇచ్చుకున్న చుక్కలు వచ్చాయి. దిద్దాల్సినవాటి మీద పసుపు గుర్తు, ఇచ్చేసినవాటి మీద ఆకుపచ్చ గుర్తు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎరుపు ఒక్కటే చూడలేదు. ఎరుపు పెట్టినవి తను ఎప్పుడూ తెరవని ఫోటోలు.

కొన్ని కుటుంబాలు కొన్ని ఫోటోలు ఎవరికీ ఇవ్వొద్దంటాయి. విడిపోయిన భర్త ఉన్నవి, జబ్బుతో జుట్టు ఊడిన తల్లి ఉన్నవి. అలాంటివాటికి ఉమాశ్రీ ఎర్ర గుర్తు పెట్టేది. పొరపాటుకు తావు ఉండకూడదని ఆ గుర్తుకి ఇంగ్లీషు పేరు తీసేసి తెలుగులో 'వద్దు' అని మార్చుకుంది. పంపే ప్రతిసారీ 'వద్దు' ఉన్నవి తప్ప మిగతావే వెళ్ళేలా అమర్చుకుంది.

హర్షిణివి అందులో పదకొండు ఉన్నాయి.

ఐదేళ్ళ కిందట హర్షిణికి ఎనిమిదో నెల రాకుండానే కవలలు పుట్టారు. ముందు ఆడపిల్ల, తర్వాత మగపిల్లాడు. ఇద్దరినీ గాజుపెట్టెల్లో పెట్టారు. ఐదో రోజు డాక్టరు ఇద్దరినీ కాసేపు తల్లి గుండెల మీద పడుకోబెట్టుకోవచ్చన్నాడు. కడుపుతో ఉన్నప్పుడే హర్షిణి ఉమాశ్రీతో మాట్లాడుకుని ఉంది కాబట్టి ఫోన్ చేసి పిలిపించింది. ఆస్పత్రివాళ్ళు పావుగంట ఇచ్చారు, ఫ్లాష్ వద్దన్నారు. ఆ పావుగంటలో తీసినవే ఆ పదకొండూ. తొమ్మిదో రోజు పిల్లాడు పోయాడు.

నెల తర్వాత హర్షిణి స్టూడియోకి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది. "అక్కా, ఇద్దరున్న ఫోటోలు ఎవ్వరికి ఇవ్వొద్దు. ఆకాష్ అడిగినా ఇవ్వొద్దు. అసలు తీయలేదని చెప్పిన." భర్తకు కూడా ఎందుకివ్వొద్దని ఉమాశ్రీ అడగలేదు. సరేనంది. ఆ మాట ఐదేళ్ళు నిలబెట్టుకుంది. బతికిన పాప నీహారిక బోర్లా పడ్డప్పుడు, అన్నప్రాశనకు, ప్రతి పుట్టినరోజుకూ ఫోటోలు తీస్తూనే ఉంది.

జులైలో హర్షిణి ఫోన్ చేసింది. "అక్కా, పాపకు ఐదేండ్లు నిండుతున్నయ్. ఆదివారం మధ్యాహ్నం క్లబ్‌హౌస్‌ల ఫంక్షన్. పుట్టినప్పటినుంచి ఇప్పటిదాంక ఫోటోలన్నీ పెద్ద స్క్రీన్ మీద వేద్దమనుకుంటున్నం. పంపుతవా? నువ్వు కూడా రావాలె, కెమెరా తీసుకొని."

ఉమాశ్రీ ఆ కుటుంబం పేరు నొక్కి, ఎరుపు ఉన్నవి తప్ప అన్నీ ఇమ్మంది. నూట తొంభై ఏడు వచ్చాయి. వేలిగోరంత బొమ్మల వరుసను పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయింది. ఆమె కళ్ళు పసుపు కోసమే వెతికాయి. ఎక్కడా కామెర్ల రంగు లేదు. హమ్మయ్య అనుకుని లింకు పంపింది. ఇంటినిండా చుట్టాలతో సతమతమవుతున్న హర్షిణి దాన్ని తెరవకుండానే అలంకరణవాళ్ళకు పంపేసింది.

తెల్లాపూర్‌లో వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్ ఆ ఆదివారం కిక్కిరిసి ఉంది. ఆకాష్ ఆఫీసువాళ్ళు, హర్షిణి తరపువాళ్ళు, పక్క టవర్ల పిల్లలు. ముందు వరుసలో ఆకాష్ తల్లి భూలక్ష్మి కొత్త చీరలో కూర్చుని ఉంది. కేకు కోయకముందే స్క్రీన్ మీద ఫోటోలు మొదలుపెట్టారు. ఉమాశ్రీ స్క్రీన్‌కి వీపు పెట్టి, చూస్తున్నవాళ్ళ మొహాలు తీస్తోంది. నవ్వులు, ముచ్చట్లు, వేళ్ళతో చూపించుకోవడాలు.

కెమెరాలో భూలక్ష్మి మొహం మారిపోవడం ఆమెకు కనిపించింది. నవ్వు పోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఆ వెనక వరుసలో ఎవరో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. హాల్లో చప్పుడు ఒక్కసారిగా తగ్గింది.

ఉమాశ్రీ వెనక్కి తిరిగింది.

గోడంత తెర మీద హర్షిణి. ఆస్పత్రి గౌను, రేగిన జుట్టు, కళ్ళు మూసుకుపోయేంత నవ్వు. గుండెల మీద రెండు టోపీలు, ఒకటి గులాబీ, ఒకటి నీలం.

ఫోటో మారింది. మళ్ళీ ఇద్దరూ, ఇంకా దగ్గరగా.

"మమ్మీ," అంది నీహారిక, కేకు బల్ల దగ్గర కుర్చీ మీద నిలబడి. "నీలం టోపీ పెట్టుకున్నది ఎవరు?"

ఉమాశ్రీ కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి ల్యాప్‌టాప్ మూసేసింది. అప్పటికే మూడోది కూడా వచ్చేసింది. తెర నల్లగా అయినా భూలక్ష్మి దానివైపే చూస్తోంది. లేచి నిలబడి, ఎవరితో అని కాకుండా అంది: "అచ్చం మా ఆకాష్ లెక్కనే ఉన్నడు."

క్లబ్‌హౌస్ పక్కన చిన్న ఆఫీసు గది ఉంది. ఆకాష్ హర్షిణిని అందులోకి తీసుకెళ్ళాడు. ఉమాశ్రీని కూడా రమ్మన్నాడు. అతను గొంతు పెంచలేదు. అందుకే ఉమాశ్రీకి ఇంకా భయమేసింది.

"ఎన్ని ఉన్నయ్?" అన్నాడు.

ఉమాశ్రీ హర్షిణి వైపు చూసింది. హర్షిణి కిటికీ అవతల ఈతకొలను చూస్తోంది.

"పదకొండు," అంది ఉమాశ్రీ. "తప్పు నాదండీ. కొత్త ప్రోగ్రామ్‌కి మారాను. ఎక్కడో గుర్తులు..."

"ప్రోగ్రామ్ గురించి అడుగుతలేను." అతను భార్యవైపు తిరిగాడు. "ఐదేండ్లు. ఎన్నిసార్లు అడిగిన నిన్ను? ఒక్కటన్న ఉన్నదా అని. లేదన్నవ్. కెమెరా లోపలికి రానియ్యలేదన్నవ్."

"ఇప్పుడొద్దు ఆకాష్. పాప చూస్తుంటది."

"పాపకు ఏం చెప్తవ్?"

హర్షిణి తలుపు తీసి, ఉమాశ్రీ పక్కనుంచి వెళ్తూ, ఆమెవైపు చూడకుండా అంది. "నువ్వు పో అక్కా. ఇక్కడ ఉండకు."

ఉమాశ్రీ కెమెరా సంచి తీసుకుని వెళ్ళిపోయింది. వెనక హ్యాపీ బర్త్‌డే పాట మొదలైంది. పాడుతున్న గొంతులు చాలా తక్కువ.

మర్నాడు పొద్దున్నే ఆమె స్టూడియో తలుపులు వేసుకుని కూర్చుంది. టెస్టర్‌గా చేసినన్నాళ్ళూ చేసిన పని, ఈసారి చేయకుండా వదిలేసిన పని మొదలుపెట్టింది. గంట తిరగకుండానే దొరికింది. కొత్త ప్రోగ్రామ్ రంగులను వాటి ఇంగ్లీషు పేర్లతోనే గుర్తుపడుతుంది. పసుపు, ఆకుపచ్చ పేర్లు ఆమె మార్చలేదు, అవి వచ్చాయి. 'వద్దు' అన్న మాట దానికి అర్థం కాలేదు. అర్థం కానిచోట ఏ గుర్తూ పెట్టకుండా వదిలేసింది. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు, ప్రతి ఫోటోకి జతగా ఉన్న చిన్న ఫైలులో అలాగే ఉంది. ఆ మాటతో వెతికితే మూడు వందల నలభై రెండు ఫోటోలు, పందొమ్మిది కుటుంబాలు బయటపడ్డాయి.

ఇదే తప్పు ఎవరైనా కొత్తగా చేరిన పిల్ల చేసి ఉంటే తను ఏమనేదో ఉమాశ్రీకి తెలుసు. 'దాచాల్సినవి దాగాయా అన్నది మొదట చూడాలి, మిగతావి తర్వాత,' అనేది. ఎన్నిసార్లు అనలేదు! కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో బాస్ చేతిలో తిట్లు తిని నేర్చుకున్న పాఠం అది.

కొత్త ప్రోగ్రామ్ వచ్చాక ఫోటోలు పంపింది ఆరు కుటుంబాలకు. హర్షిణి కాక ఇంకొకరికి కూడా 'వద్దు' ఫోటోలు వెళ్ళాయి, ప్రగతి నగర్‌లో ఉండే దివ్యకి. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. దివ్య "నేనే చూశాను, నేనే తీసేశాను లెండి. ఇంకెవరూ చూడలేదు. కానీ ఇంకోసారి ఇలా చేయకండి," అని పెట్టేసింది. ఉమాశ్రీ లింకులన్నీ మూసేసి, మూడు వందల నలభై రెండు ఫోటోలనూ ఒక్కొక్కటే తెరిచి చేత్తో గుర్తు పెట్టింది. హర్షిణికి మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆకాష్ వచ్చాడు. ఆఫీసు బ్యాడ్జీ మెడలోనే ఉంది. గచ్చిబౌలి నుంచి భోజనాల వేళ వచ్చినట్టున్నాడు.

"నాకు ఆ ఫోటోలు కావాలె," అన్నాడు.

"కూర్చోండి ఆకాష్ గారూ."

"కూర్చునే టైం లేదు. పెన్‌డ్రైవ్ తెచ్చిన."

"హర్షిణి సరే అంటే ఇప్పుడే ఇస్తానండీ. మీ ముందే ఫోన్ చేస్తాను."

"నేను తండ్రిని కాదా?"

"కాదని ఎలా అంటాను? కానీ ఇవ్వనని తనకి మాటిచ్చాను. ఆదివారం ఆ మాట పొరపాటున తప్పాను. ఇప్పుడు తెలిసి తెలిసి తప్పలేను."

ఆకాష్ చేతిలో పెన్‌డ్రైవ్ తిప్పుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు కూర్చున్నాడు.

"అప్పుడు నాకు వైరల్ జ్వరం. లోపలికి రానియ్యలేదు. ఒకసారి అద్దంల నుంచి దూరంగ చూసిన, అంతే. పోయినంక బట్టల చుట్టి నా చేతిల పెట్టిన్రు. మొహం చూసిన. కండ్ల నిండ నీళ్ళున్నప్పుడు ఏం కనబడ్తది అక్కా?" అతను పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. "నా కొడుకు మొహం నాకు యాదికి లేదు. అమ్మను అడుగుదమంటే ఆమె అసలే చూడలే. ఐదేండ్లు నీహారిక మొహంలనే వెతుక్కున్న. ఆదివారం మూడు ఫోటోలు, ఒక్కోటి నాలుగు సెకన్లు. అంత మందిల. నువ్వు ల్యాప్‌టాప్ మూసేసినవ్."

ఉమాశ్రీ చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. ఒక్క నొక్కు. ఆ కుర్చీలో ఎవరున్నా ఇచ్చేసేవారేమో. ఆమె ఫోన్ తీసి హర్షిణికి చేసింది. అది మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆకాష్ లేచాడు. పెన్‌డ్రైవ్ బల్ల మీదే మర్చిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం హర్షిణి వచ్చింది. ముఖం వడిలిపోయి ఉంది. తలుపు దగ్గరే నిలబడి, "అవి తీసేయ్ అక్కా. నా ముందటనే తీసేయ్," అంది.

ఉమాశ్రీ క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసేస్తాను," అంది ఉమాశ్రీ. "నీ మాట మీద తీసేస్తాను. కానీ మొన్న ఆకాష్ గారు వచ్చారు. ఆయన అన్నది నీకు చెప్పకుండా తీసేస్తే అది ఇంకో తప్పవుతుంది."

అతని మాటలు అతను చెప్పినట్టే చెప్పింది. 'నా కొడుకు మొహం నాకు యాదికి లేదు' అన్న దగ్గర హర్షిణి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కింద బేకరీలో ట్రేలు తీస్తున్న చప్పుడు.

"నేను నవ్వుతున్న అక్కా అందుల. పండ్లన్నీ కనబడేటట్టు. నాలుగు రోజులల్ల పోయేటోణ్ని గుండెల మీద పెట్టుకొని నవ్వుతున్న. ఆ రోజే వాడు పాలు తాగలేదు, ఊపిరి జర తేడాగ ఉన్నదని నాకు అనిపించింది. ఫోటోలు అయినంక చెప్దమనుకున్న. తర్వాత చెప్పిన. నువ్వు ముందే చెప్పినా ఒకటే అన్నరు డాక్టర్లు. ఆకాష్ ఆ ఫోటో చూస్తే నా నవ్వే చూస్తడు."

ఆ పావుగంట ఉమాశ్రీకి గుర్తుంది. 'నవ్వు హర్షిణీ, ఇటు చూడు' అన్నది తనే.

"నవ్వమన్నది నేను," అంది.

హర్షిణి ఆమెవైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో ఉమాశ్రీకి తెలియలేదు.

"చూపించు," అంది హర్షిణి.

పదకొండూ చూసింది. ఒక్కోదాని దగ్గర ఎంతసేపు ఆగితే అంతసేపు ఉమాశ్రీ ఆగింది. ఏడోదాని దగ్గర హర్షిణి ముందుకు వంగింది. అందులో నీలం టోపీ పిల్లాడు కళ్ళు తెరిచి ఉన్నాడు.

"ఇందుల నుంచి నన్ను తీసేసి వాణ్ని ఒక్కణ్నే ఉంచొస్తదా?"

"వస్తుంది."

ఉమాశ్రీ ఫోటోని కోసుకుంటూ వచ్చింది. హర్షిణి మొహం పోయింది, గౌను పోయింది, గులాబీ టోపీ అంచు పోయింది. పిల్లాడి తల వెనక హర్షిణి చెయ్యి మిగిలింది. వేళ్ళు టోపీని చుట్టి ఉన్నాయి. అది కూడా చెరిపేయాలంటే టోపీ అంచు చెడుతుందని, అయినా కొంచెంసేపు పడితే చేయగలనని చెప్పింది.

హర్షిణి తెర మీది చేతిని చూసింది, ఒళ్ళో ఉన్న తన చేతిని చూసుకుంది.

"ఉండనీ," అంది.

ఉమాశ్రీ రంగులు దిద్దింది. కొత్త ప్రోగ్రామ్‌లో ఆ చర్మపు రంగు సరిగ్గా రావడానికి చాలాసేపు పట్టింది. హర్షిణి తొందరపెట్టలేదు, 'ఇంక జర ఎర్రగ ఉండేటోడు' అని ఒక్కసారి మాత్రం అంది. అచ్చు వేసి, ఆరాక కవరులో పెట్టి ఇచ్చింది. మిగతా పదింటినీ, బల్ల మీద ఆకాష్ వదిలేసి వెళ్ళిన పెన్‌డ్రైవ్‌లో వేయమంది హర్షిణి. వేశాక ఏడోదానితో సహా పదకొండింటినీ అన్ని డిస్కుల్లోంచీ తీసేయించింది. ఒక్కోటి పోవడం చూసింది.

"వీటిని ఏం చేస్తనో నాకే తెల్వదు," అంది పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుంటూ. మెట్ల దగ్గర ఆగింది. "ఇగ నీ దగ్గరికి రాను అక్కా. ఏమనుకోకు."

"అనుకోను," అంది ఉమాశ్రీ.

రెండు నెలల తర్వాత కొండాపూర్ రైతు బజారులో ఆమెకు భూలక్ష్మి కనిపించింది. ఉమాశ్రీ పక్కకు తప్పుకోబోయింది గానీ పెద్దామె అప్పటికే చూసి పిలిచింది.

"ఫోటో నా అర్రల పెట్టిన్రు బిడ్డా," అంది, గోంగూర కట్టలు ఏరుకుంటూ. "ఆకాష్ ఆఫీస్‌కు పోయే ముందట వచ్చి చూసి పోతడు. హర్షిణి ఆ అర్రలకు రాదు."

"ఇద్దరూ... బాగున్నారా పెద్దమ్మా?"

"మాట్లాడుకుంటరు. అవసరమున్న కాడికి. ఈ నెల ఎవరో డాక్టరమ్మ దగ్గరికి కలిసి పోతున్నరు, మాట్లాడే డాక్టరట." భూలక్ష్మి ఒక కట్ట వాసన చూసి పక్కన పెట్టింది. "పిల్ల అడిగింది, వాడు నాకన్న చిన్నోడా పెద్దోడా అని. ఆరు నిమిషాలు చిన్నోడని చెప్పిన. అయితే నా మాట వినాలె అన్నది."

"అంతా నా వల్లే అయింది," అంది ఉమాశ్రీ.

"అవ్, నీ వల్లనే అయింది," అంది భూలక్ష్మి. సంచీ భుజానికి తగిలించుకుని, కాస్త దగ్గరికి వచ్చి అడిగింది. "ఇంకోటి ఏమన్న ఉన్నదా బిడ్డా? వాని కాళ్ళు కనబడేది?"

"ఉంది పెద్దమ్మా. నా దగ్గర లేదు. హర్షిణి దగ్గరే ఉంది."

భూలక్ష్మి తల ఊపింది.

"అడుగుత," అంది. "ఇప్పుడు కాదు గానీ అడుగుత."